మంచు అన్నచోట ఇసుక

ఆ శుక్రవారం పొద్దున మా ఇంట్లో గొడవ ఒక మూత గురించి.

మా అత్తమ్మ సైదున్నీసా నెల్లూరు నుంచి విజిట్ వీసా మీద వస్తూ రెండు కిలోల మామిడికాయ ఊరగాయ తెచ్చారు. దాన్ని నేను హార్లిక్స్ సీసాల్లోకి ఎత్తాను. హార్లిక్స్ సీసా మూత తిప్పి బిగించేది. మా ఆయన జిలానీ బాషా దాన్ని ఎన్నడూ తిప్పరు. సీసా నెత్తిన బోర్లించి వదిలేస్తారు. చూసేవాళ్ళకు మూత పెట్టినట్టే ఉంటుంది. మూత పట్టుకుని ఎత్తామా, మూత చేతిలో, సీసా కింద.

ఆ రోజు సీసా పగల్లేదు, పక్కకు ఒరిగింది. ఎర్రనూనె బల్లమీద పారి, అక్కడున్న ఒకే ఒక్క కాగితాన్ని వెతుక్కున్నట్టు వెళ్ళి తడిపింది. అది నా డ్రైవింగ్ స్కూలు ఫారం.

"మూత పెట్టేటప్పుడు తిప్పాలండీ," అన్నాను, గుడ్డతో అద్దుతూ.

"పెట్టాను కదా."

"పెట్టడం వేరు, బిగించడం వేరు."

"మూతకు ఇన్ని శాస్త్రాలేంది బానూ? పెడితే చాలు."

"చాలదు. చాలకే ఇది ఒలికింది."

"పొద్దన్నే మూతల మీద పడినారేంది మీరిద్దరూ?" అన్నారు అత్తమ్మ, దోసె తింటూ. "ఊరగాయ నాది. నేనే ఏడవకుండా ఉండానే!"

ఏడుపు ఊరగాయ గురించి కాదని అందరికీ తెలుసు. ఆ ఫారం నాలుగు నెలలుగా మా ఫ్రిజ్ మీద ఉంది, మళ్ళీ అడుగుదామని ఆ పొద్దునే బల్లమీదికి దించాను. అన్ని గడులూ నేనే నింపాను, షహర్‌బాను అన్న నా పేరు తప్పుల్లేకుండా రాశాను. ఒక్క గడి మిగిలింది. భర్త సంతకం. మేముండేది అబుదాబి పక్కన ముసఫ్ఫాలో, కంపెనీ స్టోర్ల వెనక వరసలో. చుట్టూ గ్యారేజీలు, వెల్డింగ్ షెడ్లు. స్కూలు బస్సు మా వైపు రాదు. అక్టోబరులో మా అమ్మాయి దిల్షాద్‌కు నూటమూడు జ్వరం వచ్చిన రోజు ఆయన సైటులో ఉన్నారు. ఆరేళ్ళ పిల్లను భుజాన వేసుకుని టాక్సీ కోసం రోడ్డు మీద రెండు గంటలు నిలబడ్డాను. మర్నాడే వెళ్ళి ఆ ఫారం తెచ్చుకున్నాను. అడిగినప్పుడల్లా ఆయన "చూద్దాం" అంటారు. ఇంకా అడిగితే, "ట్రాక్టరు వేరు, ఇక్కడి రోడ్లు వేరు," అంటారు. పొదలకూరులో నేను మా అన్న ట్రాక్టరెక్కి నిమ్మతోటంతా దున్నిన సంగతి పెళ్ళికి ముందే మావాళ్ళు గొప్పగా చెప్పారు. అప్పుడు ఆయన కూడా మురిసిపోయారట.

"అయినా నూనె మరకున్న ఫారం వాళ్ళు తీసుకోరులే," అన్నారాయన. ఆ గొంతులో బాధ ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది. పెద్ద బరువు దించుకున్న మనిషి గొంతది.

ఫారాన్ని కిటికీలో ఎండకు పెట్టి, బగారా అన్నానికి ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాను.

ఆ రోజు మా ప్రయాణం అల్ ఐన్‌కు. కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, మొదటిసారి మా ఆయనకు కొత్త పికప్ బండిని సెలవురోజు వాడుకోమని ఇచ్చారు. స్టోర్‌కీపర్‌కు అది చిన్న మర్యాద కాదు. గురువారం సాయంత్రం తాళాలు తెచ్చిన దగ్గర్నుంచి శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆయన "ఫోర్ వీల్" అన్న మాట పదకొండుసార్లు అన్నారు. మామూలు బండికి రెండు చక్రాలే లాగుతాయనీ, దీనికి నాలుగూ లాగుతాయనీ, కొండైనా బండైనా లెక్కలేదనీ అత్తమ్మకు చెప్పారు. దిల్షాద్‌కు చెప్పారు. పక్కింటి పిల్లికి కూడా చెప్పే ఉంటారు.

బండితోపాటు ఒక పుస్తకం వచ్చింది. ఆయన దాన్ని తెరవలేదు. నేను రాత్రి అన్నాలయ్యాక కొంత చదివాను. ఏదో చలిదేశం వాళ్ళ కోసం అచ్చేసిన ఇంగ్లీషు పుస్తకం. బొమ్మల్లో అందరికీ ఉన్నిటోపీలు. లైట్ల అధ్యాయం దాటి, వైపర్ల దగ్గర నిద్రొచ్చింది.

జుమ్మా నమాజయ్యాక బయల్దేరాం. జనవరి ఎండ, కిటికీ దించితే గాలి చల్లగా ఉంది. అల్ ఐన్ రోడ్డు పొడుగునా గవర్నమెంటు నాటించిన చెట్లు, వాటి మధ్య నీళ్ళ గొట్టాలు. అత్తమ్మ వెనక సీట్లో దిల్షాద్ పక్కన కూర్చుని ఒక గంటసేపు ఓర్చుకున్నారు.

"అబ్బయా," అన్నారు చివరికి, "ఎడారి ఎడారి అంటిరి. నేనొచ్చి పదైదు దినాలాయె. యాడ జూసినా తారోడ్డూ చెట్లే. ఇసకేదిరా? మా పెన్నలో ఇంతకన్నా ఎక్కువుండాదే!"

అంతే. మా ఆయన స్టీరింగు కుడికి తిప్పారు.

"ఏమండీ, రోడ్డు అటు ఉంది," అన్నాను.

"ఫోర్ వీల్," అన్నారాయన. పన్నెండు.

గేరు పక్కనున్న పొట్టి కర్రను టపీమని లాగి, "ఇక చూడమ్మా, నాలుగూ లాగుతాయి," అంటూ చెట్ల వరస దాటించారు. మొదటి దిబ్బ ఎక్కాం. దిల్షాద్ కేక వేసింది. రెండో దిబ్బ మీంచి దిగుతుంటే నా కడుపు ఒక క్షణం ఆలస్యంగా దిగింది. అత్తమ్మ "యా అల్లా!" అని, వెంటనే "ఇంకోసారి!" అన్నారు. అంతా నవ్వుతున్నాం. మూడోది దిబ్బ కాదు, గిన్నె. దాని అడుగుకు వెళ్ళి బండి ఆగిపోయింది. ఆయన తొక్కారు. ఇంజను అరిచింది. బండి ముందుకు పోకుండా, కూర్చోబోయే ఒంటెలాగా వెనక్కి కుంగింది.

నేను దిగి చూశాను. వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇసుకను వెనక్కి చిమ్ముతున్నాయి. ముందు చక్రం మీద ఒక నల్ల పురుగు తాపీగా పైకెక్కుతోంది. దానికి ఏ తొందరా లేదు. ఎందుకుంటుంది? చక్రం కదిలితే కదా.

"ఏమండీ, ముందు చక్రాలు తిరగడం లేదు."

"తిరుగుతున్నాయి. ఫోర్‌లో వేశాను కదా."

"పురుగు ఎక్కుతోంది."

"ఏ పురుగు?"

"ముందు చక్రం మీద. తిరిగే చక్రం మీద పురుగు నడవదు కదండీ."

ఆయన కిటికీలోంచి నన్ను ఒక చూపు చూశారు. "బానూ, ఇది ట్రాక్టరు కాదు. కంపెనీ బండి. నువ్వు అమ్మ దగ్గర కూర్చో."

వెళ్ళి కూర్చున్నాను. అత్తమ్మ అప్పటికే ఇసుకలో కాళ్ళు చాపి, చెప్పులు తీసి, గుప్పెళ్ళతో ఇసుక పోసుకుంటూ దిల్షాద్‌తో కలిసి పిచ్చిక గూళ్ళు కడుతున్నారు. చిక్కుకుపోయామన్న దిగులు ఆమెకు రవ్వంత కూడా లేదు.

ఇంజను అరుపు విని, చెట్లకు నీళ్ళు పెట్టే ఇద్దరు మనుషులు దిబ్బ మీద కనిపించారు. తలకు ఎర్రగళ్ళ గుడ్డలు, చేతుల్లో పారలు. కిందికి జారుకుంటూ వచ్చి, బండిని చుట్టి చూసి, సలాం పెట్టారు. వాళ్ళు హిందీలో మాట్లాడారు. మా ఆయన అంతకన్నా గట్టిగా హిందీలో మాట్లాడారు. ఇక్కడ అదే పద్ధతి. ఎదుటి మనిషి ఏ ఊరో తెలిసేదాకా హిందీ.

"దేఖో భాయ్," అన్నారు మా ఆయన, "మీరు వెనక నుంచి ధక్కా మారో. చక్రానికి పట్టు దొరికిందనుకోండి, చాలూ అనండి. నేను తొక్కుతా. సమ్‌ఝే?"

హిందీలో చాలూ అంటే నడిపించు, మొదలుపెట్టు. వర్కుషాపుల్లో రోజుకు వందసార్లు వినిపించే మాట. మోటారు చాలూ, లైటు చాలూ. ఇద్దరూ తల ఊపి, పారలు పక్కనపెట్టి, బండి వెనక భుజాలు ఆనించారు.

ఆయన తొక్కారు. వాళ్ళు తోశారు. బండి జానెడు కదిలింది, ఆ జానెడూ కిందికే. చక్రాల కింది ఇసుక నేరుగా ఇద్దరి ముఖాల మీదికి లేచింది. నోట్లో ఇసుక పడ్డాక ఎవరికైనా అమ్మ నేర్పిన మాటే వస్తుంది కాబోలు, వాళ్ళిద్దరూ కళ్ళు మూసుకుని ఒక్కసారిగా అరిచారు.

"చాలు! చాలు! చాలు!"

ఆయన ఇంకా తొక్కారు.

"చాలు చాలు చాలూ!"

ఆయన ఇంకా ఇంకా తొక్కారు. ఇసుక ఫౌంటెన్ లాగా లేస్తోంది. వాళ్ళు ఎంత గట్టిగా మొత్తుకుంటే ఆయనకు అంత హుషారు.

నెల్లూరు కాలేజీలో మా తెలుగు మేడం 'చ'లు రెండని చెప్పి, పలికించి, తప్పు పలికినవాళ్ళను బెంచీ ఎక్కించేది. చాపలోని చ వేరు, చీమలోని చ వేరు. ఇంజను రొదలో ఆ తేడా మా ఆయనకు అందలేదు. బయట కూర్చున్న నాకు అందింది. ఆ ఇద్దరి నోటా వచ్చింది చాపలోని చ. అందులో ఒకాయన నోట అది సగం 'సాలు'. హిందీ 'చాలూ'కు ఆ చ ఉండదు.

లేచి పరుగెత్తాను. "ఆపండీ! వాళ్ళు తెలుగులో అంటున్నారు! ఆపమంటున్నారు!"

ఇంజను ఆగింది. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమంటే, ఇసుక జారే చప్పుడు వినిపించింది. వెనక చక్రాలు ఇరుసు దాకా మాయమయ్యాయి. నంబరు ప్లేటు ఇసుక మీద గడ్డం ఆనించి కూర్చుంది.

ఆ ఇద్దరూ నన్ను చూశారు. పెద్దాయన ముఖం మీద కళ్ళూ పళ్ళూ తప్ప అంతా ఇసుకే.

"మీరు తెలుగోల్లా అమ్మా?"

"నెల్లూరు."

"ఓరి నీ! మాది సిరిసిల్ల దిక్కు. నేను పోశయ్య, గీయన లచ్చన్న. ఇంతసేపు మనల మనమే హిందీల సచ్చినమా?"

"మేం ఆపుండ్రి ఆపుండ్రని మొత్తుకుంటుంటే," అన్నాడు లచ్చన్న ఉమ్మేస్తూ, "సారు ఇంక తొక్కుతుండు, ఇంక తొక్కుతుండు! మేమేం తప్పు జేసినమో, మమ్ముల బొందపెడ్తుండనుకున్న!"

ముందు నవ్వింది అత్తమ్మ. కూర్చున్నచోటి నుంచే కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోయారు. తర్వాత పోశయ్య. తర్వాత దిల్షాద్, ఏమీ అర్థం కాకుండానే. బండి దిగిన మా ఆయన కాసేపు ముఖం గంటు పెట్టుకోవాలని చూశారు గానీ, లచ్చన్న చెవిలోంచి ఇసుక దులుపుకునే తీరు చూసి ఆయనా కూలబడ్డారు. ఎంతసేపు నవ్వామో తెలీదు. ఒకరు ఆపితే ఇంకొకరు "చాలు" అనేవాళ్ళు, మళ్ళీ మొదలు.

నవ్వయ్యాక చూస్తే ఎండ కాస్త వాలింది, బండి మాత్రం అక్కడే ఉంది. పొద్దు గూకేలోగా బయటపడాలి. మర్నాడు ఆరింటికి పికప్ సైటుకు పోవాలి. మా ఆయన ముఖంలో మొదటిసారి భయం కనిపించింది. "ముదీర్‌కు ఏం చెప్పాలి బానూ?" అన్నారు మెల్లగా. ఆ గొంతు నాకు పొద్దుటి గొంతు కన్నా నచ్చింది.

నేను వెళ్ళి పుస్తకం తెచ్చాను. విషయసూచికలో ఇసుక లేదు. వెతగ్గా వెతగ్గా, 'లోతైన మంచులో చిక్కుకుంటే' అన్న అధ్యాయం దొరికింది. ఉన్నిటోపీ పెట్టుకున్న మనిషి నడుములోతు మంచులో నిలబడి నవ్వుతున్నాడు. మాలాంటివాడే.

"చదువుతాను, వినండి. మొదటిది. మంచులో చక్రాలు గిర్రున తిప్పకూడదు. తిప్పితే మంచు తవ్వుకుని బండి దిగిపోతుంది."

"మంచేంది తల్లీ?" అన్నాడు పోశయ్య. "ఈడ మంచేడుంది?"

"మంచు అన్నచోట ఇసుక అనుకోండి."

"అట్లయితే మంచిదే. మస్తుగుంది."

"రెండోది. బండి కడుపు కింద మంచు తీసేయాలి. చక్రాల ముందు వాలుగా తవ్వాలి."

ఇద్దరూ పారలు అందుకున్నారు. మా ఆయనకు పార లేదు, బగారా అన్నం వడ్డించే హస్తం ఉంది. దాంతోనే మోకాళ్ళ మీద కూర్చుని తవ్వడం మొదలుపెట్టారు. పొద్దున మూత తిప్పడానికి ఓపికలేని మనిషి, గరిటెడు గరిటెడు ఎడారిని ఎత్తిపోస్తున్నారు. నేను చూసీ చూడనట్టు పేజీ తిప్పాను.

"మూడోది. టైర్లలో కొంత గాలి తీసేయాలి."

లచ్చన్న పార మీద చేతులానించి అన్నాడు: "సారుకు తీసినం గద. ఇగ టైర్లకు తీద్దాం."

మా ఆయన గరిటె ఎత్తి బెదిరించారు. అత్తమ్మ మళ్ళీ కొంగు నోట్లో పెట్టుకున్నారు.

"నాలుగోది. చక్రాల కింద గోనెలో, చాపలో, కొమ్మలో పరచాలి." వాళ్ళ దగ్గర ఎరువు గోనెలు నాలుగున్నాయి. చాలవు. అత్తమ్మ లేచి, భోజనాలకని తెచ్చిన నెల్లూరు జంపఖానాను తానే దులిపి తెచ్చి, వెనక చక్రం ముందు పరిచారు. "నా పెండ్లినాటిది. జాగర్త," అన్నారు. చక్రం కింద వేసే వస్తువుకు ఏం జాగ్రత్తో ఎవరం అడగలేదు.

"అయిదోది," అని ఆగిపోయాను. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాను. బి.ఏ.లో కూడా ఏ వాక్యాన్నీ అంత ప్రేమగా చదవలేదు.

"ఏందమ్మాయ్, చెప్పు," అన్నారు అత్తమ్మ.

"మంచులోకి దిగకముందే బండి ఆపి, ముందు చక్రాల నడుమ ఉన్న మూతలను చేత్తో ఫ్రీ నుంచి లాక్ అన్న గుర్తు దాకా తిప్పాలి. తిప్పకపోతే లోపల కర్ర లాగినా ముందు చక్రాలు లాగవు."

అందరం ముందు చక్రం దగ్గరికి వెళ్ళాం. పురుగు వెళ్ళిపోయింది. చక్రం నడుమ అరచేతిలో పట్టేంత గుండ్రటి ఇనప బిళ్ళ. అంచుకు పట్టుకోవడానికి గాట్లు. దాని బాణం ఫ్రీ అన్న అక్షరాల దగ్గర హాయిగా ఉంది.

అత్తమ్మ వంగి చూశారు. "హార్లిక్స్ సీసా మూత గదా ఇది!"

మా ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు. నేను ఒక్కమాట కూడా అనలేదు. పన్నెండేళ్ళ కాపురంలో నేను అనకుండా ఉన్న మాటల్లో ఇది అన్నిటికన్నా రుచిగా ఉంది.

"పెట్టే ఉంది కదా, తిప్పాలని నాకేం తెలుసు..." అని సగంలో ఆపేశారాయన. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో పట్టి, టక్కుమనేదాకా తిప్పారు. అటువైపు వెళ్ళి రెండోదీ తిప్పారు. వచ్చి మొదటిదాన్ని మళ్ళీ ఒకసారి తిప్పి చూశారు, బిగిసిందో లేదోనని.

"ఇగ తోద్దాం," అన్నాడు పోశయ్య. "సారు ఎక్కుండ్రి."

"సారు ఎక్కితే ఎట్ల?" అన్నాడు లచ్చన్న. "సారు బరువు సారు లోపల పెట్టుకుంటే మనం తోసేది బండినా, సారునా? తక్కువ బరువున్నోల్లు ఎక్కాలె. సారు మనతోని తోయాలె."

తక్కువ బరువు దిల్షాద్. ఆ పైన నేను. అత్తమ్మ తన బరువు గురించి మాట రాకముందే పిచ్చిక గూళ్ళ వైపు నడిచారు.

మా ఆయన తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డారు. "బానూ, క్లచ్ మెల్లగా వదలాలి."

"మా అన్న ట్రాక్టరుకూ క్లచ్ ఉండేదండీ."

"రెండో గేరు."

"పుస్తకంలో ఉంది."

తాళం ఇచ్చారు. ఆయన చేతి ఇసుక కొంత నా చేతికంటింది.

సీటు ముందుకు జరుపుకున్నాను. అద్దం సరిచేసుకున్నాను. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, చెప్పులు విడిచి కాళ్ళు పెట్టాను. కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పాను: "ఎవరూ చాలు అనొద్దు. పో అంటే పోతాను. ఆగు అంటే ఆగుతాను. వేరే మాట వద్దు."

"మంచిదమ్మా!"

అద్దంలో ముగ్గురూ బండికి భుజాలు ఆనించడం కనిపించింది. నడుమ మా ఆయన.

"పో!"

క్లచ్ వదిలాను, నిమ్మతోటలో కొత్త నీళ్ళు పారిన సాలులో వదిలినట్టు, కాలివేళ్ళ చివరలతో. బండి వణికింది. ముందు చక్రాలు, అబ్బ, తిరిగాయి. ముక్కు కొంచెం లేచింది. వెనక చక్రం జంపఖానా అంచును నమిలి, ఎక్కి, అవతలికి ఉమ్మింది. నడుము కింద నేల వదిలినట్టయింది. బండి కదిలింది. ముందుకు!

పుస్తకంలో ఇంకో వాక్యముంది. గట్టినేల వచ్చేదాకా ఆగకూడదు. గిన్నె అంచు ఎక్కుతున్నాను, స్టీరింగు నా చేతుల్లో బతికున్న చేపలాగా అటూ ఇటూ కొట్టుకుంటోంది, బయట ఇసుకలో దిల్షాద్ "అమ్మీ! అమ్మీ!" అంటూ గెంతుతోంది. వెనక ముగ్గురు మగాళ్ళు చేతులు ఊపుతూ, పడుతూ లేస్తూ వెంటపడి అరుస్తున్నారు. పో లేదు, ఆగు లేదు. సంతోషంలో అన్నీ మరిచిపోయి అందరిదీ ఒకే మాట.

"చాలు! చాలు! బానూ, చాలు!"

స్పష్టంగా వినిపించింది. చాపలోని చ. మా మేడం వింటే మెచ్చుకునేది.

కానీ ఆ రోజు నాకు దాన్ని హిందీలో వినాలనిపించింది. తొక్కాను. ఒక దిబ్బ ఎక్కి దిగాను. రెండో దిబ్బ మీద కడుపు మళ్ళీ ఆలస్యంగా దిగింది, ఈసారి అది నా కాలి కింది పని. గొంతులోంచి ఏదో కేక వచ్చింది. ముప్ఫై రెండేళ్ళ ఆడది అలా అరవకూడదని ఎవరైనా అంటే అననీ. చెట్ల వరస దాటి, రోడ్డు పక్కన గట్టినేల మీద ఆపి, న్యూట్రల్ చేసి, చేతిబ్రేకు లాగి, అప్పుడు ఇంజను ఆపాను. ఆ వరసలోనే.

వాళ్ళు వచ్చి చేరడానికి పావుగంట పట్టింది. ముందు దిల్షాద్, తర్వాత అత్తమ్మను చెరోపక్కా పట్టుకుని పోశయ్య, లచ్చన్న. అందరికన్నా వెనక మా ఆయన, చిరిగిన జంపఖానా భుజాన వేసుకుని, చేతిలో గరిటెతో.

"ఆగమంటే ఆగవేం?" అన్నారు ఆయాసపడుతూ.

"ఆగమని ఎవరన్నారండీ? చాలూ అన్నారు."

ఆయన పడీ పడీ నవ్వారు.

టైర్లకు మళ్ళీ గాలి కొట్టాలి. వాళ్ళ షెడ్డులో కాలితో తొక్కే పంపు ఉంది. నాలుగు టైర్లూ మా ఆయనే తొక్కుతానన్నారు. తొక్కుతూ ఉండగా మేం జంపఖానా పరిచాం. చిరుగును నేను అత్తమ్మ కూర్చునే వైపుకు రాకుండా తిప్పాను. పోశయ్య, లచ్చన్న మొహమాటపడి షెడ్డుకు పోబోతే అత్తమ్మ కేకేశారు. "మా ఇంటి బండిని మోసి, మా అన్నం తినకుండా యాడికి పోతారు? కూర్చోండయ్యా!" కూర్చున్నారు. చలికాలపు పొద్దు చెట్ల మధ్యకు దిగుతోంది. బగారా అన్నం ఇంకా గోరువెచ్చగా ఉంది. కోడికూరలో కొంచెం ఇసుక తగిలింది. ఎవరూ పట్టించుకోలేదు.

"అమ్మా, ఊరగాయ," అన్నారు మా ఆయన, గాలి కొట్టి వచ్చి కూర్చుని.

ఆ సీసానే. ఆయన మూత తీశారు. పోశయ్యకు వేశారు, లచ్చన్నకు వేశారు, తను వేసుకున్నారు. తర్వాత మూత పెట్టారు. మేమంతా నమలడం ఆపాం. ఆయన తల వంచుకుని, అందరూ చూస్తున్నారని తెలిసే, మూతను తిప్పారు. ఇంకా తిప్పారు. ఇక తిరగనంత దాకా తిప్పి, సీసాను మూతతో పట్టి పైకెత్తి చూపించి, నా ముందు పెట్టారు.

"ఏందిరా, మొగుడూ పెండ్లాల మధ్య సీసాలు?" అన్నారు అత్తమ్మ, అన్నీ తెలిసినా.

ఆయన గొంతు సవరించుకున్నారు. ఎదురుగా ఉన్నది ఇద్దరు చెట్లకు నీళ్ళు పెట్టేవాళ్ళు, ఒక తల్లి, ఒక పిల్ల, ఒక పెళ్ళాం. అయినా కంపెనీ మీటింగులో లేచినట్టు నడుము నిటారు చేశారు.

"అందరూ వినండి. రేపు పొద్దున డ్యూటీకి పోయే ముందు ఆ ఫారం మీద సంతకం పెడతా. నూనె మరక ఉంటే ఉండనీ, మరక పక్కనే పెడతా. బాను లైసెన్సు తెచ్చుకున్న మొదటి శుక్రవారం మళ్ళీ ఇక్కడికే వచ్చి ఇట్లే కూర్చుని తింటాం. నడిపేది బాను. నేను వెనక సీట్లో అమ్మ పక్కన."